నిదానమే ప్రధానం అన్న జట్టుకి 42 పాయింట్లేనా?

2024 మార్చి 19 రాత్రి, ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో, యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియా బాస్కెట్‌బాల్ జట్టు హాఫ్ టైమ్‌కి చేసిన పాయింట్లు 14. ఇరవై నిమిషాలకి పద్నాలుగు! నిమిషానికి ఒకటి కూడా పడలేదు. ఎదురుగా ఉన్న కొలరాడో స్టేట్ అప్పటికి 27 చేసింది. చివరికి 67-42. అదైనా కాలేజీల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంటులో మొదటి రౌండు కాదు, దానికి ముందు ఆడించే ‘ఫస్ట్ ఫోర్’ మ్యాచ్. అంటే గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగొచ్చారన్నమాట.

అంతకు ఐదేళ్ల ముందు ఇదే యూనివర్సిటీ, ఇదే కోచ్ టోనీ బెన్నెట్, ఇదే నత్తనడకతో జాతీయ ఛాంపియన్ అయింది. 2019 ఏప్రిల్ 8న మినియాపొలిస్‌లో టెక్సస్ టెక్‌ని ఓవర్‌టైమ్‌లో 85-77తో ఓడించింది.

డేటన్ ఓటమి తర్వాత గట్టిగా వినిపించిన మాట ఒకటే: “ఈ స్లో ఆట వల్లే పాయింట్లు రావడం లేదు.” వినడానికి బాగుంది. జట్టు నిదానంగా ఆడుతుంది, పాయింట్లు తక్కువ చేస్తుంది, కాబట్టి మొదటిదే రెండోదానికి కారణం. నాకైతే ఈ లెక్క సగమే మింగుడుపడుతుంది. జ్వరం, కాలునొప్పి ఒకే మనిషికి ఒకే రోజు వస్తే జ్వరం వల్లే కాలు నొప్పెడుతోందని అనేయలేం కదా. ముందు రెండింటినీ విడదీసి చూడాలి.

స్కోర్‌బోర్డు చెప్పని సంగతి

కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ 40 నిమిషాలు. మన క్రికెట్‌లో 150 పరుగులు చేశారంటే వెంటనే “ఎన్ని ఓవర్లలో?” అని అడుగుతాం. బాస్కెట్‌బాల్‌లోనూ అదే అడగాలి, కాకపోతే ఓవర్ల బదులు పొజెషన్లు. బంతి మన చేతికొచ్చినప్పటి నుంచి ఎదుటివాళ్ల చేతికి పోయేదాకా ఒక పొజెషన్. కబడ్డీ తెలిసినవాళ్లు దీన్ని రైడ్ అనుకోవచ్చు. కాలేజీ పురుషుల ఆటలో ఒక పొజెషన్‌లో షాట్ వేయడానికి ఇచ్చే గడువు 30 సెకన్లు. కబడ్డీ రైడ్ గడువు కూడా సరిగ్గా అంతే. ఈ పోలిక ముందుముందు కూడా పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

పొజెషన్లను ఎవరూ కూర్చుని ఒక్కొక్కటిగా లెక్కపెట్టక్కర్లేదు. మ్యాచ్ అయ్యాక వచ్చే అంకెల నుంచి తీయొచ్చు. వేసిన షాట్లు తీసుకుని, వాటిలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు (పడని షాట్ తర్వాత బంతిని మళ్లీ మనవాళ్లే అందుకోవడం) తీసేయాలి. దానికి టర్నోవర్లు (షాట్ వేయకుండానే బంతి పోగొట్టుకోవడం) కలపాలి, ఆపైన ఫ్రీ త్రోలలో (ఎదుటివాళ్ల ఫౌల్‌కి బదులుగా ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు) 0.475 వంతు కలపాలి. ఆ సగానికి తక్కువ వంతు ఎందుకంటే, ఫౌల్ జరిగితే మామూలుగా రెండు ఫ్రీ త్రోలు ఇస్తారు, ఆ రెండూ కలిపి ఒకే పొజెషన్. ఒక్కోసారి బంతి రింగులో పడ్డాక కూడా ఫౌల్ కింద ఇంకో ఫ్రీ త్రో అదనంగా వస్తుంది, అందుకని సగం కన్నా కొంచెం తగ్గిస్తారు. డీన్ ఆలివర్, కెన్ పొమెరాయ్ లాంటి గణాంకాల మనుషులు ఈ లెక్కను జనంలోకి తెచ్చాక, జట్టు బలాన్ని మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లని కాకుండా 100 పొజెషన్లకి ఎన్ని పాయింట్లని చూడటం అలవాటైంది.

వర్జీనియా మ్యాచ్‌లో ఒక్కో జట్టుకి సుమారు 60 పొజెషన్లు వచ్చేవి. మామూలు కాలేజీ మ్యాచ్‌లో 68 దాకా వస్తాయి. తేడా ఎనిమిది. 40 నిమిషాలంటే 2,400 సెకన్లు. రెండు జట్లవీ కలిపి 120 పొజెషన్లయితే ఒక్కోదానికి 20 సెకన్లు. 136 అయితే పదిహేడున్నర చిల్లర. అంటే దేశంలోకెల్లా నిదానమైన జట్టని పేరు పడ్డదానికీ, మామూలు జట్టుకీ మధ్య తేడా పొజెషన్‌కి రెండున్నర సెకన్లు కూడా లేదు! మొదటిసారి ఈ భాగహారం చేసినప్పుడు తప్పు చేశానేమో అని మళ్లీ చేశాను.

ఇప్పుడు దీన్నే పాయింట్లలోకి మార్చండి. 2023-24 సీజన్‌లో వర్జీనియా మ్యాచ్‌కి సుమారు 63 పాయింట్లు చేసింది. పొజెషన్‌కి 1.05. ఇదే జోరుతో 68 పొజెషన్లు ఆడి ఉంటే 71 వచ్చేవి. కాబట్టి నిదానం వల్ల కనిపించకుండా పోయినవి ఎనిమిది పాయింట్లు, అంతే. పైగా అవి నష్టం కూడా కాదు. ఎదుటి జట్టుకీ అన్నే పొజెషన్లు తగ్గాయి మరి. డేటన్ మ్యాచ్ సంగతి చూద్దాం. 60 పొజెషన్లకి 42 అంటే పొజెషన్‌కి 0.7. ఇదే చేతులతో 68 ఆడినా 48 దగ్గర ఆగేవారు. ఆ రాత్రి గడియారాన్ని ఎంత వేగంగా తిప్పినా వర్జీనియా గెలిచేది కాదు.

ఎవరి నిదానం?

ఇంకో మెలిక ఉంది. జట్టు వేగం అంటే ఆ జట్టు ఒక్కటే ఎంచుకున్నది కాదు. సగం సమయం బంతి ఎదుటివాళ్ల చేతిలోనే ఉంటుంది. వర్జీనియా మ్యాచ్‌లు నెమ్మదించడానికి పెద్ద కారణం దాని డిఫెన్స్.

టోనీ బెన్నెట్ 2009లో వాషింగ్టన్ స్టేట్ నుంచి వర్జీనియాకి వచ్చాడు. వస్తూ తండ్రి డిక్ బెన్నెట్ విద్యని వెంట తెచ్చుకున్నాడు. దాని పేరు ప్యాక్ లైన్. రింగ్ నుంచి సుమారు 16 అడుగుల దూరంలో కోర్టు మీద కనిపించని గీత ఒకటి ఊహించుకోండి. బంతి ఎవరి దగ్గరుంటే వాడిని ఒక్క ఆటగాడే మీదికెళ్లి అడ్డుకుంటాడు. మిగతా నలుగురూ ఆ గీత లోపల సర్దుకుని ఉంటారు. బంతితో లోపలికి దూరాలని చూస్తే ఏ సందు దగ్గరైనా ఒక భుజం అడ్డమొస్తుంది. దాంతో ఎదుటి జట్టు ఇటు కొట్టి, అటు కొట్టి, బయట బయటే తిరిగి, షాట్ క్లాక్ (ఆ 30 సెకన్ల గడువు) అయిపోవస్తుండగా ఏదో ఒకటి విసురుతుంది. కబడ్డీలో రెండు రైడ్లు ఖాళీగా తిరిగొచ్చాక మూడోది డూ ఆర్ డై అవుతుందే, ఆ అవస్థలోకి ప్రతి పొజెషన్‌లోనూ నెడతారు. ఇది ఆషామాషీ తెలివి కాదు. డిక్ బెన్నెట్ ఇదే పద్ధతితో 2000లో విస్కాన్సిన్‌ని ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ టోర్నమెంటు సెమీఫైనల్‌కి తీసుకెళ్లాడు. అక్కడ మిషిగన్ స్టేట్‌తో మ్యాచ్ హాఫ్ టైమ్‌కి 19-17! చివరికి 53-41తో ఓడారు. చూసినవాళ్ల ఓపికకి దండం.

రెండో కారణం వర్జీనియా ఎటాక్. దీన్ని బ్లాకర్-మూవర్ అంటారు, ఇదీ తండ్రిదే. ఇద్దరు పెద్ద ఆటగాళ్లు స్తంభాల్లా నిలబడి స్క్రీన్లు వేస్తారు, అంటే ఎదుటి డిఫెండర్ల దారికి అడ్డుగా నిలుస్తారు. ముగ్గురు వాళ్ల చుట్టూ తిరిగి తిరిగి ఖాళీ కోసం చూస్తారు. తొందరపడి షాట్ వేయకూడదు, బంతి పోగొట్టుకోకూడదు. షాట్ వేశాక రీబౌండ్ కోసం ఎగబడకుండా ఎక్కువమంది వెనక్కి పరిగెత్తి డిఫెన్స్‌లో కుదురుకోవాలి.

నాకు తెలిసి అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. ఈ పద్ధతిలో ఖర్చయ్యే సెకన్లు కాదు, వదులుకునే పాయింట్లు గమనించండి. బంతి లాక్కోగానే పరుగెత్తి వేసే ఫాస్ట్ బ్రేక్ పాయింట్లు తక్కువ. ఆఫెన్సివ్ రీబౌండ్ తీసుకుని రెండోసారి వేసే పాయింట్లు తక్కువ. దూరం నుంచి జంప్ షాట్లు వేస్తే ఫౌళ్లు పడవు, కాబట్టి ఫ్రీ త్రోలూ తక్కువ. చవగ్గా దొరికే మూడు రకాల పాయింట్లూ పక్కన పెట్టేసినట్టే. మిగిలింది ఒక్కటే: గురి. సెట్ అయిన డిఫెన్స్ ముందు, పది చేతుల మధ్య, ప్రతిసారీ బంతి రింగులో వేయగలగాలి. వేసేవాళ్లుంటే ఈ ఆట దర్జాగా నడుస్తుంది. లేకపోతే పెరట్లో కూరగాయలు వేయకుండా, అప్పు పుట్టకుండా, ఒక్క జీతం మీదే నడిచే ఇల్లు లాంటిది. ఆ నెల జీతం రాకపోతే పొయ్యి వెలగదు.

2019లో ఉన్నది, 2024లో లేనిది

2019లో జీతం తెచ్చేవాళ్లు ముగ్గురు. కైల్ గై, టై జెరోమ్, డియాండ్రే హంటర్. ముగ్గురూ ఆ ఏడాదే ఎన్‌బీఏ డ్రాఫ్టులో (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే కార్యక్రమం) ఎంపికయ్యారు, హంటర్ అయితే నాలుగో స్థానంలో. త్రీ పాయింటర్లలో, అంటే దూరపు గీత అవతల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లలో, గై, హంటర్ 40 శాతం దాటారు, జెరోమ్ దాని అంచున నిలిచాడు. పొమెరాయ్ పట్టికలో ఆ జట్టు వేగం దేశంలోని 353 జట్లలో అట్టడుగు. ఎటాక్ నాణ్యత మాత్రం టాప్ 5లో. డిఫెన్స్ కూడా టాప్ 5లోనే. నిదానం వేరు, పాయింట్లు రాకపోవడం వేరు అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఫైనల్లో ఆట 12 సెకన్లుండగా హంటర్ మూల నుంచి త్రీ పాయింటర్ వేసి 68-68 చేశాడు. ఓవర్‌టైమ్‌లో జట్టు ఇంకో 17 చేసింది. మొత్తం 85లో 27 హంటర్‌వే.

2024 జట్టులో మంచి ఆటగాళ్లు లేరా అంటే ఉన్నారు. రీస్ బీక్‌మన్ వర్జీనియా ఆడే లీగు అయిన ఏసీసీ (అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్)లో వరసగా రెండేళ్లు ఉత్తమ డిఫెండర్. ఐజాక్ మెక్‌నీలీ త్రీ పాయింటర్లలో దేశంలో ఎవరికీ తీసిపోడు. రయాన్ డన్ తన డిఫెన్స్ వల్ల ఆ ఏడాది డ్రాఫ్టు మొదటి రౌండులోనే ఎంపికై ఫీనిక్స్ సన్స్‌కి చేరాడు. కానీ అదే డన్ ఆ సీజన్‌లో త్రీ పాయింటర్లు 35 వేస్తే పడినవి 7. ఫ్రీ త్రోలు కూడా సగం కన్నా కాస్త మెరుగు, అంతే. జట్టు మొత్తం చూసినా ఫ్రీ త్రోలలో దేశంలోని అట్టడుగు జట్ల సరసన ఉంది.

ఒక్కడి గురి బాగా లేకపోతే ఏమవుతుందిలే అనిపించొచ్చు. ఆ సీజన్ వర్జీనియా పొజెషన్ ఒకటి నెమ్మదిగా చూద్దాం. బీక్‌మన్ బంతిని సగం కోర్టు దాటించేసరికి క్లాక్ మీద 24 సెకన్లుంటాయి. మెక్‌నీలీ ఒక స్క్రీన్ చుట్టూ తిరిగి బయటికొస్తాడు. అతన్ని కాపలా కాసేవాడు చొక్కా పట్టుకున్నంత దగ్గరగా వెంటే ఉంటాడు, ఎందుకంటే వదిలితే మూడు పాయింట్లు. డన్ మూలన ఉంటాడు. అతని డిఫెండర్ మాత్రం అతని దగ్గర ఉండడు. హాయిగా రింగ్ కింద నిలబడి, ఎవరు లోపలికి దూరితే వాళ్లకి అడ్డం పడటానికి సిద్ధంగా ఉంటాడు. 17 సెకన్లు. బంతి అటు వెళ్తుంది, మెక్‌నీలీ ఇంకో స్క్రీన్ చుట్టూ తిరుగుతాడు, సందు దొరకదు. 10 సెకన్లు. బంతి మళ్లీ బీక్‌మన్‌కి. ఇక ఆలోచించడానికి టైమ్ లేదు, టెన్షన్ మొదలు. లోపలికి దూసుకెళ్తే అక్కడ ఇద్దరున్నారు, తనవాడూ, డన్ వాడూ. 15 అడుగుల నుంచి ముఖం మీద చెయ్యి ఉండగా షాట్. రింగ్ అంచు తగిలి బంతి బయటికి. మనవాళ్లు అప్పటికే వెనక్కి పరుగు.

కాబట్టి ఒక్కడిని వదిలేయగలిగితే మిగతా నలుగురి మీద ఐదుగురు పడొచ్చు. వేగంగా ఆడే జట్టుకీ ఈ బాధ ఉంటుంది గానీ, వాళ్లకి డిఫెన్స్ కుదురుకోకముందే దొరికే పొజెషన్లు కొన్నైనా ఉంటాయి. వర్జీనియా అన్ని పరీక్షలూ కష్టమైన పేపర్‌తోనే రాసింది.

ఇంత జరిగినా ఆ సీజన్‌లో వాళ్లు ఏసీసీలో 13-7తో మూడో స్థానం! ఫిబ్రవరి 17న వేక్ ఫారెస్ట్ మీద 49-47తో గెలిచారు. రెండు రోజుల తర్వాత వర్జీనియా టెక్ చేతిలో 75-41తో చిత్తయ్యారు. ఆ వారాంతంలో నార్త్ కరొలైనాతో 44, మార్చి మొదట్లో డ్యూక్‌తో 48 మాత్రమే చేసి ఓడారు. డిఫెన్స్ కాపాడిన రోజు 49 చాలింది, కాపాడని రోజు పరువు పోయింది.

తక్కువ పొజెషన్లలో అదృష్టం

నిదానాన్ని తిట్టేవాళ్ల దగ్గర ఇంకో వాదన ఉంది, ఇది మొదటిదానికన్నా గట్టిది. బలమైన జట్టు ఎక్కువ పొజెషన్లు ఆడాలి, బలహీనమైనది తక్కువ ఆడాలి అంటారు. నాణెం పదిసార్లు ఎగరేస్తే ఏడు బొమ్మలు పడటం వింత కాదు, వందసార్లు ఎగరేస్తే డెబ్బై పడవు. పొజెషన్లు తగ్గే కొద్దీ అదృష్టం పాత్ర పెరుగుతుంది. 1996లో పీట్ కారిల్ శిక్షణలోని ప్రిన్స్‌టన్ జట్టు అప్పటి ఛాంపియన్ యూసీఎల్ఏని 43-41తో ఇంటికి పంపింది ఇలాంటి ఓపిక ఆటతోనే. మరి వర్జీనియా పెద్ద జట్టయి ఉండీ చిన్న జట్టు ఆయుధం పట్టుకోవడమేంటి?

2018 మార్చి 16ని దీనికి రుజువుగా చూపిస్తారు. ఆ రోజు షార్లెట్‌లో యూఎంబీసీ అనే చిన్న జట్టు వర్జీనియాని 74-54తో ఓడించింది. పురుషుల టోర్నమెంటులో జట్లకి బలాన్ని బట్టి ‘సీడ్’ అని ర్యాంకు ఇస్తారు, నంబర్ వన్ సీడ్ అప్పటిదాకా 16వ సీడ్‌తో 135 సార్లు ఆడి 135 సార్లూ గెలిచింది. 136వది వర్జీనియా వంతైంది. హాఫ్ టైమ్‌కి 21-21. అదే వేగంగా ఆడి ఉంటే అప్పటికే 15 పాయింట్ల ముందుండేవారు, చిన్న జట్టుకి ధైర్యం వచ్చేది కాదు అని వాదన.

కాగితం మీద లెక్క వేసి చూశాను. ఉరామరిగానే అనుకోండి. ఒక జట్టు పొజెషన్‌కి సగటున 1.1, ఇంకోటి 1.0 చేస్తుందనుకుంటే, 60 పొజెషన్ల మ్యాచ్‌లో మొదటి జట్టు గెలిచే అవకాశం 69 శాతం దగ్గర తేలింది. 70 పొజెషన్లయితే 70 శాతం. ఒక్క శాతం! రెండు జట్ల మధ్య అంతరం ఇంకా పెద్దదనుకున్నా తేడా రెండు శాతం దాటలేదు. సిద్ధాంతం నిజమే, కానీ దాని బరువు తక్కువ. పొజెషన్లు పదికి కుదిస్తే అదృష్టం రాజ్యమేలుతుంది గానీ, 70 నుంచి 60కి తెస్తే పెద్దగా ఏమీ మారదు.

పైగా ఆ మ్యాచ్‌లో ఏం జరిగిందో చూడండి. సీజన్ అంతా ప్రత్యర్థులకి మ్యాచ్ మొత్తానికి సగటున 54 లోపు పాయింట్లిచ్చిన జట్టు, రెండో సగం ఒక్కదానిలోనే 53 ఇచ్చేసింది. యూఎంబీసీ 24 త్రీ పాయింటర్లు వేస్తే 12 పడ్డాయి. వర్జీనియాకి 22లో 4. ఆ త్రీల దగ్గరే తేడా 24 పాయింట్లు, ఓడింది 20తో. మణికట్టు గాయంతో హంటర్ ఆడలేదు కూడా. మళ్లీ గురి దగ్గరికే వచ్చాం.

అయితే ఒక చోట నిదానం నిజంగా ఉరితాడవుతుంది, ఇది ఒప్పుకోవాలి. వెనకబడ్డప్పుడు. 15 పాయింట్లు వెనకుండి, సగం ఆట మిగిలితే, మామూలు జట్టుకి 34 పొజెషన్లుంటాయి, వర్జీనియాకి 30. నాలుగే కదా అనుకోవద్దు. ముందున్న జట్టు తొందరపడదు, క్లాక్ కరగబెడుతుంది. వెనకున్నవాళ్లు వేగం పెంచాలి. ఏళ్ల తరబడి “ఆగు, చూడు, పాస్ ఇవ్వు” అని నేర్చుకున్న కాళ్లు ఒక్క రాత్రిలో పరుగు నేర్చుకోవు. నిదానమే ప్రధానం అన్న మన పెద్దలే ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు. ఎప్పుడు ఏది వర్తిస్తుందో స్కోర్‌బోర్డు చూస్తే తెలుస్తుంది.

30 సెకన్ల వెనక వర్జీనియా

అసలు ఈ షాట్ క్లాక్ రావడంలోనే వర్జీనియాకి ఒక పాత్ర ఉందంటే నవ్వొస్తుంది. 1982 మార్చిలో ఏసీసీ ఫైనల్. ఒకవైపు ఏడడుగుల నాలుగంగుళాల రాల్ఫ్ శాంప్సన్ ఉన్న వర్జీనియా. ఇంకోవైపు డీన్ స్మిత్ కోచ్‌గా, జేమ్స్ వర్తీ, ఇంకా మొదటి ఏడాదిలోనే ఉన్న మైకేల్ జోర్డన్ ఉన్న నార్త్ కరొలైనా. ఒక్క పాయింటు ఆధిక్యం దొరకగానే స్మిత్ తన ‘ఫోర్ కార్నర్స్’ మొదలుపెట్టాడు. నలుగురు నాలుగు మూలలకి పోయి, బంతిని చేతులు మార్చుకుంటూ ఏడు నిమిషాలకి పైగా రింగ్ వైపు చూడలేదు. అప్పట్లో క్లాక్ లేదు, కాబట్టి అది తప్పు కాదు. 47-45తో వర్జీనియా ఓడింది. టీవీలో చూసినవాళ్లు మండిపడ్డారు. మరుసటి సీజన్‌కే ఏసీసీ ప్రయోగంగా 30 సెకన్ల క్లాక్ పెట్టింది. దేశమంతటా 1985-86లో 45 సెకన్లతో మొదలై, 1993-94లో 35 అయింది. 2012-13లో జట్ల సగటు స్కోరు 67.5కి పడిపోయి, ఆరు దశాబ్దాల్లో కనిష్ఠానికి చేరింది. 2015-16 నుంచి 30 సెకన్లు. ఎదుటివాళ్ల నిదానానికి బలైన యూనివర్సిటీ తర్వాత అదే నిదానానికి దేశంలో చిరునామా అయింది.

బెన్నెట్ 2024 అక్టోబర్‌లో, సీజన్ మొదలవడానికి మూడు వారాల ముందు, కోచ్ పదవి వదిలేశాడు. ఆటగాళ్లకి డబ్బులు, ఏటా జట్లు మారే వెసులుబాటు వచ్చిన ఈ కొత్త వాతావరణానికి తాను సరిపోనని చెప్పుకున్నాడు. నిజాయితీ గల మాట అది. ప్యాక్ లైన్‌లో ఎప్పుడు ఎన్ని అడుగులు కదలాలో ఒంటబట్టడానికి ఏళ్లు పడుతుంది. హంటర్ మొదటి ఏడాది మ్యాచ్‌లు ఆడకుండా బెంచ్ మీదే కూర్చుని నేర్చుకున్నాడు. ఏడాదికొకసారి పెట్టె సర్దుకునేవాళ్లతో ఈ కాపురం నడవదు. 2023-24 జట్టులోనే ముఖ్యమైన చోట్ల వేరే కాలేజీల నుంచి కొత్తగా వచ్చినవాళ్లున్నారు.

తాత్కాలిక కోచ్ రాన్ సాంచెజ్‌తో ఒక సీజన్ 15-17గా గడిచింది. 2025 మార్చిలో యూనివర్సిటీ కొత్త కోచ్‌ని తీసుకుంది. పేరు రయాన్ ఓడమ్. తండ్రి డేవ్ ఓడమ్ 1980లలో వర్జీనియాలోనే అసిస్టెంట్ కోచ్ కాబట్టి ఈ ఊరు అతనికి చిన్నప్పటి ఊరే. అయితే దేశానికి అతని పేరు తెలిసింది మాత్రం 2018 మార్చి 16న. ఆ రాత్రి షార్లెట్‌లో, యూఎంబీసీ బెంచ్ ముందు నిలబడిన కోచ్ అతనే.